వేగానికో చోటు



జూలూరుపాడు సెంటర్లో ఓ పావుగంట నిలబడి చూడండి. తల్లాడ వైపు నుంచి లారీ వస్తుంది. కొత్తగూడెం వైపు నుంచి టిప్పరు వస్తుంది. మధ్యలో పత్తి తొక్కి తొక్కి నింపిన ట్రాక్టరు ఒకటి, రెండువైపులా పొంగిపోతూ మెల్లగా కదులుతుంది. నడిపేవాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఇరుకు సందులోకి ట్రాలీని రివర్స్ కొట్టాలి. ఇది తేలిక పని కాదు. స్టీరింగు కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకు పోతుంది. కన్ను ఒకటి చెబుతుంది, చెయ్యి ఇంకొకటి చెయ్యాలి. ఆ కుర్రాడు మెడ వెనక్కి తిప్పి, ఒంటిచేత్తో, ఒక్క దెబ్బకు లోపల పెట్టేస్తాడు. చూసేవాళ్లు ఎవరూ చప్పట్లు కొట్టరు. రోజూ జరిగేదే కదా అనుకుంటారు. మరి అలాంటి చెయ్యి ఉన్నవాడు ఎక్కడిదాకా పోగలడు? లారీ దాకానా? సింగరేణి డంపర్ దాకానా? రేసు కారు దాకా కూడా పోగలడా? ఈ పూట మీతో మాట్లాడదలచుకున్నది ఈ చివరి ప్రశ్న గురించే. నా జవాబు ముందే చెప్పేస్తాను. మన పిల్లలకు ధైర్యానికి కొదవ లేదు, నేర్పుకూ కొదవ లేదు. లేనివి రెండే రెండు. దగ్గర్లో చోటు లేదు. చవకలో బండి లేదు. దగ్గర్లో చోటు, చవకలో బండి. ఈ రెండు మాటలూ మనసులో పెట్టుకోండి. ఎన్ని ఊళ్లు తిరిగినా మళ్లీ వీటి దగ్గరికే వస్తాను.

రేసు కారు అనగానే మనకు గుర్తొచ్చేది సూదిముక్కు కారు. చక్రాలు బయటికి ఉంటాయి, ఒక్క మనిషే పడతాడు, నేలకు అతుక్కుపోయినట్టు పోతుంది. అది ఫార్ములా కారు. ఇవాళ చెప్పబోయేది వేరే రకం. దాని పేరు స్టాక్ కారు. స్టాక్ అంటే దుకాణంలో అమ్మకానికి ఉంచిన సరుకు. అమెరికాలో మొదట్లో జనం ఇంటికి కొనుక్కున్న కార్లనే, తలుపులు ఊడిరాకుండా తాళ్లతో బిగించి, పందెంలోకి దించేవారు. పొద్దున అంగడికి వెళ్లిన బండే సాయంత్రం రేసుకు వచ్చేది. ఇప్పుడు లోపలంతా మారిపోయింది. ఇనుప గొట్టాల పంజరం, ఎనిమిది సిలిండర్ల ఇంజను, పెద్ద ట్రాక్‌ల మీద గంటకు 300 కిలోమీటర్ల వేగం. అయినా బయటి రూపు మాత్రం రోడ్డు మీద తిరిగే కారుదే. పికప్ ట్రక్కుల ఆకారంలో ఉండే బండ్లకు వేరే పోటీలు కూడా ఉన్నాయి. ఈ పోటీలు నడిపే సంస్థను నాస్కార్ అంటారు. 1948లో ఫ్లోరిడా రాష్ట్రంలోని డేటోనా బీచ్‌లో అది పుట్టింది. స్టాక్ కారు పల్లెల వైపు చూసింది. మనకు పనికొచ్చే సంగతి ఇక్కడే ఉంది.

మార్టిన్స్‌విల్ అని ఒక చిన్న పట్టణం. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, కొండలు మొదలయ్యే చోటు. కుర్చీలు, బల్లలు చేసే కార్ఖానాలు, బట్టల మిల్లులు, వాటిలో పనిచేసే జనం. 1947లో క్లే ఎర్ల్స్ అనే స్థానికుడు అక్కడ ఒక మట్టి ట్రాక్ వేశాడు. గమనించండి, నాస్కార్ ఇంకా పుట్టనే లేదు. ఆ సెప్టెంబరులో మొదటి రేసు పెట్టేనాటికి కూర్చోవడానికి సిద్ధమైన సీట్లు 750. వచ్చిన జనం 6,000 పైమాటే. మిగతావాళ్లు నిలబడి చూశారు, దుమ్ము కొట్టుకుపోయి ఇళ్లకు వెళ్లారు. మళ్లీ వచ్చారు. 1955లో ట్రాక్‌కు తారు వేశారు. ఇప్పటికీ అక్కడ రేసులు జరుగుతూనే ఉన్నాయి. ఇంతకీ ఆ ట్రాక్ ఎంత పెద్దదనుకుంటున్నారు? ఒక చుట్టు తిరిగితే కిలోమీటరు కూడా నిండదు. దాదాపు 850 మీటర్లు. పైనుంచి చూస్తే కాగితాలకు పెట్టే క్లిప్పులా కనిపిస్తుంది, రెండు వైపులా తిన్నగా, రెండు చివర్లా గట్టి మలుపు. ఇంకో ముచ్చట చెప్పాలి. అక్కడ గెలిచినవాళ్లకు 1964 నుంచి నిలువెత్తు చెక్క గడియారం బహుమతిగా ఇస్తున్నారు. ఆ ప్రాంతపు వడ్రంగం పనికి గుర్తు అది. కోట్లు సంపాదించే డ్రైవర్లు కూడా ఆ గడియారం కోసం ఆశపడతారు. చిన్న ఊరు, చిన్న ట్రాక్, ఆ ఊరి సొంత బహుమతి. పెద్ద ఆటలన్నీ పెద్ద నగరాల్లోనే పుట్టాలన్న నియమం ఎక్కడా లేదు.

అలాంటి చిన్న ట్రాక్‌ల నుంచి ఎవరొచ్చారో చూద్దాం. జూనియర్ జాన్సన్ అనే డ్రైవరు నార్త్ కరోలినా కొండల్లోని విల్క్స్ కౌంటీవాడు. అడవి అంచు పల్లె. అక్కడ చాలా కుటుంబాలకు దొంగసారానే బతుకుతెరువు. బట్టీ దగ్గర కాచిన సరుకును రాత్రిపూట కొండ దారుల్లో పట్నానికి చేర్చాలి. వెనకాల పోలీసు బండి. అలా నడిపి నడిపి జాన్సన్ చెయ్యి తిరిగింది. రోడ్డు మీద అతన్ని ఎవరూ పట్టుకోలేకపోయారు. చివరికి 1956లో తన తండ్రి సారా బట్టీ దగ్గర దొరికాడు, పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. అదే మనిషి ట్రాక్ మీద నాస్కార్ పెద్ద సిరీస్‌లో 50 రేసులు గెలిచాడు. 1960లో డేటోనాలో అతని కారు మిగతావాటికంటే నెమ్మది. అయినా వేగంగా పోయే కారు వెనక ఆనుకుని నడిపితే గాలి అడ్డు తగ్గుతుందని కనిపెట్టి, ఆ ఉపాయంతోనే గెలిచాడు. ఎదురుగాలిలో సైకిళ్ల మీద బడికి వెళ్లే పిల్లలు ఒకరి వెనక ఒకరు తొక్కుతారు చూడండి, అదే కిటుకు. దొంగసారాను నేను మెచ్చుకోవడం లేదు. అది ఎన్ని కాపురాలు కూల్చిందో మన పల్లెలకు నేను చెప్పాల్సిన పని లేదు. నేను చెప్పేది ఒక్కటే. ఆ నేర్పు రోడ్డు మీద ఉన్నంతకాలం అది నేరం. పక్కన ట్రాక్ ఒకటి ఉండబట్టి అదే నేర్పు వృత్తి అయింది. మనిషి మారలేదు. బండి నడిపే చోటు మారింది.

ఇక ఆ వృత్తి లోపల ఏముంటుందో చెబుతాను, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కడమే రేసింగ్ అని చాలామంది అనుకుంటారు. స్టాక్ కారు లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది. మన కొత్తగూడెంలో మే నెల మిట్టమధ్యాహ్నాన్ని తలచుకోండి. ఆ ఎండలో తలుపులు మూసి, మంటలు అంటని మందపాటి బట్టలు తొడుక్కుని, తలకు హెల్మెట్ పెట్టుకుని, మూడు నాలుగు గంటలు స్టీరింగు పట్టుకోవాలి. రేసు అయ్యేసరికి ఒంట్లోంచి లీటర్ల కొద్దీ చెమట పోతుంది. దప్పిక తట్టుకోవాలి, కోపం తట్టుకోవాలి, నిద్రమత్తులా కమ్ముకొచ్చే అలసట తట్టుకోవాలి. మెడను కాపాడే పట్టీలు ఉంటాయి కాబట్టి తల పక్కకు తిప్పలేడు. పక్కన జానెడు దూరంలో ఇంకో కారు ఉన్నా కనపడదు. అందుకని ట్రాక్ పక్కన ఎత్తుగా ఉన్న చోట ఒక మనిషి నిలబడి రేడియోలో చెబుతుంటాడు. లోపలివైపు కారుంది, ఇంకా ఉంది, పోయింది, ఇక రా. అతన్ని స్పాటర్ అంటారు. మన లారీల దగ్గర క్లీనర్ ఏం చేస్తాడు? బాడీ మీద చేత్తో కొడుతూ, రానీ, రానీ, రైట్ రైట్, ఆపు అంటాడు. డ్రైవరు ఆ గొంతును నమ్మి బండి కదుపుతాడు. స్పాటర్ పనీ అదే. కాకపోతే అక్కడ వేగం 300 కిలోమీటర్లు. మాట అరసెకను ఆలస్యమైతే గోడకు గుద్దుకోవడమే. చక్రాలు మార్చేవాళ్లు, పెట్రోలు పోసేవాళ్లు, ఎప్పుడు ఆగాలో లెక్క వేసేవాళ్లు, వీళ్లందరి నడుమ డ్రైవరు ఒకడు. తెగువతో ఒక మలుపు గెలవొచ్చు. రేసు గెలవాలంటే వినడం రావాలి, ఓపిక పట్టడం రావాలి. అవి పుస్తకంలో చదివితే రావు. చిన్న వయసు నుంచి, చిన్న ట్రాక్‌ల మీద, వందల రేసులు నడిపితే వస్తాయి. మళ్లీ అక్కడికే వచ్చాం. దగ్గర్లో చోటు, చవకలో బండి.

ఇదంతా అమెరికా కథ కదా, మనకేమిటి అంటారేమో. మన పక్కనే ఒక కథ ఉంది. కోయంబత్తూరు తమిళనాడులో ఉన్న ఊరే కానీ, అక్కడి మిల్లుల, మోటార్ల చరిత్రలో తెలుగు మాట్లాడే కుటుంబాల పాత్ర చాలా పెద్దది. జి.డి. నాయుడు అక్కడివాడే. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సు కంపెనీ నడిపాడు, వర్కుషాపులు పెట్టాడు, ఎన్నో యంత్రాలు కనిపెట్టాడు. ఆ ఊళ్లో ఇంజను విప్పడం, మళ్లీ బిగించడం పిల్లలకు ఆటలాంటిది. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్ అనే ఆయన అక్కడే ఒక మంచి పని చేశాడు. విదేశీ రేసు కారు తెప్పించుకోవడం సామాన్యుల వల్ల కాదని ఆయనకు తెలుసు. అందుకని ఇక్కడే, మన రోడ్ల మీద తిరిగే మారుతి 800 కారు ఇంజను పెట్టి, ఒంటిమనిషి రేసు కార్లు తయారు చేయించాడు. ఫార్ములా మారుతి అని పేరు. ఇంజను చెడిపోతే ఏ ఊళ్లోనైనా దొరికే మెకానిక్ బాగుచేయగలడు. విడిభాగం కావాలంటే ఓడలో రానక్కర్లేదు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరు దగ్గర ఉన్న కరి మోటార్ స్పీడ్‌వేకి ఆయన పేరే పెట్టారు. కారు చవక కావడం ఒకవైపు. ఇంకోవైపు మద్రాసు మోటారు క్రీడల క్లబ్బు 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వతమైన ట్రాక్ కట్టింది. అంతకుముందు దశాబ్దాల పాటు షోలవరంలో, యుద్ధకాలం నాటి పాత విమానాల రన్‌వే మీద రేసులు నడిచేవి. చోటు దొరికింది, బండి దొరికింది. ఆ తర్వాత ఏమైందో చూడండి.

కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్. 1977లో పుట్టాడు. తండ్రి కూడా ర్యాలీలు నడిపినవాడే. ఈ కుర్రాడు శ్రీపెరుంబుదూరులో తన మొట్టమొదటి ఫార్ములా మారుతి రేసులోనే మొదటి ముగ్గురిలో నిలిచాడు. 1992లో, పదిహేనేళ్ల వయసులో, ఫ్రాన్సులోని రేసింగ్ బడికి వెళ్లాడు. 1994లో బ్రిటన్లో ఫార్ములా ఫోర్డ్ చలికాలపు సిరీస్ గెలిచాడు. యూరప్‌లో ఒక భారతీయుడు రేసింగ్ ఛాంపియన్ కావడం అదే మొదటిసారి. 2005లో జోర్డాన్ జట్టు తరఫున, ఫార్ములా కార్ల పోటీల్లో పైమెట్టు అయిన ఫార్ములా వన్‌లో అడుగుపెట్టాడు. భారతదేశం నుంచి అక్కడిదాకా వెళ్లిన మొదటి డ్రైవరు. ఇక్కడ ఒక్క సంగతి నిలిచి చూడాలి. మొదటి రేసు నడిపిన రోజుకీ ఫార్ములా వన్ రోజుకీ మధ్య పన్నెండు పదమూడేళ్లు గడిచాయి. ఒక పిల్లవాడు ఒకటో తరగతిలో చేరి ఇంటర్ పూర్తిచేసేంత కాలం. అన్నేళ్లూ ఒక్కో మెట్టే ఎక్కాడు. మొదటి మెట్టు ఇంటికి అందేంత దూరంలో ఉంది కాబట్టే ఎక్కగలిగాడు.

ఆ నారాయణ్ కార్తికేయనే 2010లో స్టాక్ కార్ల వైపు వెళ్లాడు. నాస్కార్ పికప్ ట్రక్కుల సిరీస్‌లో పోటీ చేశాడు. అక్కడ నడిపిన మొదటి భారతీయుడు. ఆయన మొదటి రేసు ఎక్కడ జరిగిందో తెలుసా? ఇందాక మనం చెప్పుకున్న మార్టిన్స్‌విల్‌లోనే. చెక్క గడియారం ఊరు. కాగితపు క్లిప్పులాంటి ట్రాక్. ఫార్ములా వన్ నడిపి వచ్చిన మనిషికి కిలోమీటరు కూడా లేని ఆ ట్రాక్ మళ్లీ ఓనమాలు నేర్పింది. ఫార్ములా కారు తేలిక, ముట్టుకుంటే విరిగేంత సున్నితం. ఈ ట్రక్కు బరువు టన్నున్నర. ఒకదాన్నొకటి రాసుకుంటూ, నెట్టుకుంటూ పోతాయి. ఆ మొదటి రేసులో ఆయన 13వ స్థానంలో ముగించాడు. కొత్తవాడికి అది మంచి ఫలితమే. ఆ ఏడాది చివర అభిమానుల ఓట్లతో ఇచ్చే గౌరవం ఒకటి ఉంది, అందరికంటే జనాదరణ పొందిన డ్రైవరు అని. ఆ సిరీస్‌లో దాన్ని గెలిచింది ఈయనే. మరుసటి ఏడాది మళ్లీ ఫార్ములా వన్‌కు వెళ్లిపోయాడు కానీ, ఒక సీజన్లోనే చూపించింది తక్కువేమీ కాదు. మారుతి ఇంజనుతో మొదలైన దారి, మద్రాసు శివార్ల నుంచి వర్జీనియా కొండల దాకా తెగకుండా పోగలదు.

ఇక్కడ మీలో చాలామంది ఒక మాట అంటారు. అనాలి కూడా. ఆయన డబ్బున్న ఇంటి బిడ్డ కదండీ, మన పిల్లలకు అది అయ్యేపనా? నిజమే. నారాయణ్ కార్తికేయన్ కలవారి ఇంట్లో పుట్టాడు. మన హైదరాబాదు డ్రైవరు అనిందిత్ రెడ్డి 2016లో, 2017లో వరసగా రెండేళ్లు జేకే టైర్ పోటీల్లో యూరో జేకే ఛాంపియన్ అయ్యాడు. ఆయనదీ పేరున్న కుటుంబమే. దీన్ని దాచి మాట్లాడితే లాభం లేదు. కానీ ఈ నిజం నుంచి ఏం తేలుతుంది? రేసింగ్ డబ్బున్నవాళ్ల రక్తంలో ఉందని తేలుతుందా? డబ్బున్నవాళ్లకు మాత్రమే ఇక్కడ మొదటి మెట్టు అందుతోందని తేలుతుందా? నాకు రెండోదే నిజమనిపిస్తుంది. దానికి రుజువు వెండెల్ స్కాట్ జీవితం. మార్టిన్స్‌విల్‌కు దగ్గర్లోనే డాన్‌విల్ అని ఇంకో పట్టణం. అక్కడ వెండెల్ స్కాట్ అనే నల్లజాతి మనిషి టాక్సీ నడిపేవాడు, మెకానిక్ పని చేసేవాడు, సారా కూడా చేరవేసేవాడు. 1952లో స్థానిక రేసు నిర్వాహకులు ఒక నల్లజాతి డ్రైవరు కోసం వెతికారు. జనం ఎక్కువగా వస్తారని వాళ్ల ఆశ. పోలీసులను అడిగితే వాళ్లు ఈ పేరు చెప్పారట. తామే ఎన్నోసార్లు వెంటపడిన మనిషి మరి. అలా తన ఊరి ట్రాక్ మీద మొదలుపెట్టాడు. పాత కార్లు కొని తనే బాగుచేసుకున్నాడు. కొడుకులే ఆయన మెకానిక్కులు. కొన్ని ట్రాక్‌లు నల్లవాడని రానివ్వలేదు. 1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో పెద్ద సిరీస్ రేసు గెలిచాడు. జెండా మాత్రం ఇంకొకరికి ఊపారు, కప్పు ఇంకొకరికి ఇచ్చారు. జనం వెళ్లిపోయాక లెక్క చూసి, గెలిచింది స్కాటేనని ఒప్పుకున్నారు. ఆయన 1990లో పోయాడు. ఆ కప్పు ఆయన కుటుంబం చేతికి అందింది 2021లో. ఇంత అన్యాయం జరిగినా ఆ మనిషి రేసు నడపగలిగాడంటే కారణం ఏమిటి? ఊళ్లో ట్రాక్ ఉంది. పాత కారుతో పోటీ చేయనిచ్చే పద్ధతి ఉంది. ఈ రెండూ లేకపోతే ఆయన పేరు పోలీసు రికార్డులోనే ఆగిపోయేది. కోయగూడెంలోనో బంజారా తండాలోనో పుట్టిన పిల్లవాడి గురించి ఆలోచించేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఈ వెండెల్ స్కాటే.

మొదటి మెట్టు దొరికితే సరిపోతుందా అంటే, సరిపోదు. పైమెట్ల మీద డబ్బు తప్పనిసరి, అక్కడ స్పాన్సర్లే దిక్కు. ట్రెవర్ బేన్ అనే కుర్రాడి సంగతి వినండి. 2011 ఫిబ్రవరిలో డేటోనా 500 అనే రేసు గెలిచాడు. స్టాక్ కార్లలో అంతకు మించిన రేసు లేదు. గెలిచేనాటికి అతనికి ఇరవయ్యేళ్లు నిండి ఒక్క రోజు. ఆ రేసు అంత చిన్న వయసులో ఇంకెవరూ గెలవలేదు. పెద్ద సిరీస్‌లో అది అతనికి రెండో రేసు మాత్రమే. ఇక అతనికి ఎదురులేదని అందరూ అనుకున్నారు. ఏడెనిమిదేళ్లు తిరిగేసరికి అతనికి పూర్తికాలపు సీటు లేదు. టెన్నెసీలో కాఫీ దుకాణం పెట్టుకున్నాడు. అతను నడపడం మరిచిపోలేదు. వృత్తి తీరే అంత. అందుకే పిల్లలకు ఈ దారి చూపించేటప్పుడు నిజం చెప్పి చూపించాలి. చదువు ఆపేసి వెళ్లు అని ఎవరన్నా తప్పే. రేసు డ్రైవరుగా బతికేవాళ్లు వేలల్లో ఒకరు. కానీ ఒక్క డ్రైవరు వెనక ఎంతమంది పనివాళ్లు ఉంటారో ఇందాక చెప్పుకున్నాం. ఇంజను ట్యూన్ చేసేవాడు, వెల్డింగు చేసేవాడు, టైర్ల అరుగుదల చూసి ట్రాక్ సంగతి చెప్పేవాడు, జెండా ఊపే మార్షల్. ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో చదివే పిల్లలకు ఈ పనులు కొత్తవి కావు. నారాయణ్ కార్తికేయన్ లాంటివాడు తరానికి ఒకడు రావచ్చు, రాకపోవచ్చు. అలాంటి వర్కుషాపులున్న ఊరు మాత్రం తరతరాలు బతుకుతుంది. కోయంబత్తూరే సాక్ష్యం.

మన దగ్గర ప్రయత్నమే జరగలేదని అనను. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ రేసు జరిగింది. కరెంటు కార్ల రేసు. మన దేశంలో అదే మొదటిది. ఫ్రాన్సు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. లోకమంతా టీవీలో హైదరాబాదును చూసింది. అది సంతోషించే విషయమే. 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది. ఆ రద్దు మీద చాలా వాదనలు నడిచాయి, వాటి జోలికి నేను పోను. నేను అడిగేది వేరు. గోడలు పెట్టారు, రేసు అయింది, గోడలు తీసేశారు. ఆ మరుసటి రోజు పొద్దున, ఆ రేసు చూసి ఉత్సాహపడిన ఖమ్మం పిల్లవాడు ఎక్కడికి వెళ్లాలి? దగ్గర్లో చోటు లేదు. మద్రాసు పోవాలి, కోయంబత్తూరు పోవాలి, ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడా పోవాలి. పండగ ఒక్కరోజు చేసుకుంటాం. పొలం ఏడాదంతా దున్నాలి. నగరానికి రేసు రావడం పండగ. పల్లెకు ట్రాక్ రావడం పొలం పని. నాకు రెండోదే ముఖ్యం.

ఇక అన్నిటికంటే బరువైన అభ్యంతరం. రోడ్ల మీద ఇప్పటికే కుర్రాళ్లు మోటారు సైకిళ్లతో ప్రాణాలు తీసుకుంటున్నారు, ఈ రేసుల పిచ్చి ఎక్కిస్తే ఇంకేమైనా ఉందా? కన్నవాళ్లు అడిగే ఈ ప్రశ్నకు తేలిగ్గా జవాబు చెప్పడం నేరం. ట్రాక్ మీద కూడా ప్రాణాలు పోతాయి. 2023 ఆగస్టులో మద్రాసు ట్రాక్ మీద మోటారు సైకిల్ రేసులో పదమూడేళ్ల బెంగళూరు పిల్లవాడు చనిపోయాడు. ఆ ఇంటి దుఃఖం ముందు ఏ వాదనా నిలవదు. ఆ వయసు పిల్లలను ఎంత వేగం దాకా పోనివ్వాలో గట్టిగా తేల్చుకోవాల్సిన అవసరం ఉంది. కానీ ఇంకో వైపు కూడా చూడాలి. 2001లో డేల్ ఎర్న్‌హార్ట్ అనే మహా డ్రైవరు డేటోనా 500 చివరి చుట్టులో గోడకు గుద్దుకుని చనిపోయాడు. అమెరికా అంతా కుదేలైంది. ఆ తర్వాత నాస్కార్ ఊరుకోలేదు. తల ముందుకు విసురుగా పోకుండా ఆపే పట్టీలు ప్రతి డ్రైవరుకూ తప్పనిసరి చేసింది. కాంక్రీటు గోడల ముందు దెబ్బను మింగే మెత్తటి గోడలు కట్టించింది. కార్ల నిర్మాణమే మార్చింది. అప్పటి నుంచి నాస్కార్ మూడు పెద్ద సిరీస్‌ల రేసుల్లో డ్రైవరు ప్రాణం పోలేదు. ఒక్క చావు వంద మార్పులు తెచ్చింది. మన రోడ్ల మీద ఎన్ని చావులు జరిగితే ఏ మార్పు వచ్చింది? రోడ్డుకు ఆ గుణం లేదు. ట్రాక్‌కు ఉంది. ఎందుకంటే ట్రాక్‌కు ఎదురు వచ్చే బండి లేదు, గేదె అడ్డం రాదు, బడి పిల్లలు దాటరు, అంబులెన్సు పక్కనే ఉంటుంది, హెల్మెట్ లేనివాణ్ని లోపలికి రానివ్వరు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం వేయడం నేరం. అది మంచి చట్టం. కానీ ఇక్కడ వద్దు అని చెప్పే చట్టం ఒక్కటే సరిపోదు. అక్కడికి వెళ్లు అని చూపించే చోటు కూడా ఉండాలి. వేగం కావాలనుకునే వయసు ఒకటి ఉంటుంది. దాన్ని తిట్టి ఆపలేం. దానికి ఒక చోటు ఇవ్వాలి.

భూమి సంగతి కూడా తేల్చి చెప్పాలి, ఎందుకంటే మనది అడవి అంచు. ట్రాక్ పేరు చెప్పి అడవి నరకడానికీ, గిరిజనుల భూమి మీద కన్నేయడానికీ వీల్లేదు. ఏజెన్సీ భూములకు 1/70 చట్టం కాపలా ఉంది, ఉండాలి కూడా. నేను కోరేది కొండను పిండి చేసి కట్టే రాజమార్గం కాదు. మార్టిన్స్‌విల్ మొదటి ట్రాక్ మట్టిదే అని మరిచిపోకండి. మట్టి మీద, శంకువుల్లాంటి ప్లాస్టిక్ గుర్తులు పెట్టి, ఒక్కో బండినే విడివిడిగా వదిలి, గడియారం పెట్టి సమయం కొలిచే పోటీలు ఉన్నాయి. ఆటోక్రాస్ అంటారు. బండ్లు ఒకదాన్నొకటి తగలవు, వేగం తక్కువ, మలుపు తిప్పే నేర్పే ఎక్కువ. మొక్కజొన్న కోసిన తర్వాత ఖాళీగా ఉన్న చేను, యజమాని ఇష్టపడి ఇస్తే, ఒక ఆదివారానికి చాలు. సెకండ్‌హ్యాండ్ మారుతి 800 ఇప్పటికీ దొరుకుతుంది. రేసు లైసెన్సులకు, భద్రత నియమాలకు మద్రాసు కేంద్రంగా పనిచేసే మోటారు క్రీడా క్లబ్బుల జాతీయ సమాఖ్య ఉంది. వాళ్ల నియమాలు పాటించి, పోలీసులకు, పంచాయతీకి, ఆసుపత్రికి చెప్పి చేయాల్సిన పని ఇది.

అయినా ఇది మనకు బొత్తిగా కొత్తదని ఎలా అనగలం? సంక్రాంతికి మన తెలుగు ఊళ్లలో కొన్నిచోట్ల ట్రాక్టర్ రివర్స్ పోటీలు పెడతారు. ట్రాలీ తగిలించిన ట్రాక్టర్ని, గీసిన ముగ్గు గీత దాటకుండా, వెనక్కి నడిపించుకుపోవాలి. ఎవరు తక్కువ సమయంలో తీసుకెళ్తే వాళ్లు గెలిచినట్టు. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుంది. గడియారం ఉంది, గీత ఉంది, నియమం ఉంది, నేర్పు ఉంది. రేసింగ్‌కు కావలసిన పునాది అంతా అందులో ఉంది, ఒక్క వేగం తప్ప. వేగం చివర నేర్చుకోవాల్సిన పాఠం. ముందు రావాల్సింది బండి చెప్పిన మాట వినేలా చేసుకోవడం. సెంటర్లో చూసిన మన కుర్రాడు అది ఇప్పటికే నేర్చుకున్నాడు. అతనికి ఒక ఆదివారం, ఒక ఖాళీ చేను, ఒక పాత కారు చూపించండి. మార్టిన్స్‌విల్‌లో గెలిచినవాడికి గడియారం ఇస్తారు. ఇక్కడ గెలిచినవాడికి ఒక జత కొత్త టైర్లు ఇవ్వండి. కుర్ర డ్రైవరు దగ్గర ముందుగా అరిగిపోయేవి అవే. వచ్చే పోటీకి వాటి మీదే వస్తాడు.